అమ్మ కుచ్చిళ్లు నేలకు జీరాడుతున్నాయి

విజయనగరంలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తున్న ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. ఆమె తల్లికి 73 ఏళ్లు. సోంపేట దగ్గర పల్లెలో చిన్నకొడుకు, కోడలితో ఉంటారు. జీడితోటలో, ఇంట్లో ఒళ్లు దాచుకోకుండా పనిచేసిన మనిషి. పదకొండేళ్ల కిందట వాకిట్లో జారిపడి మణికట్టు విరిగితే కట్టు కట్టించుకుని, ఆ సంగతే మరిచిపోయారు. మొన్న సంక్రాంతి ముందు నీళ్ల బిందె ఎత్తబోతే నడుములో కలుక్కుమంది. రెండు నెలలు మందుల దుకాణంలో ఇచ్చిన నొప్పి బిళ్లలతో నెట్టుకొచ్చాక ఎక్స్‌రే తీయిస్తే వెన్నులో రెండు పూసలు నొక్కుకుపోయి కనిపించాయి. విశాఖలో ఎముకల సాంద్రత చూసే డెక్సా పరీక్ష చేయించారు. తుంటి దగ్గర టీ స్కోరు (వయసులో ఉన్నవారి ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 3.4 వచ్చింది.

"ముగ్గురు డాక్టర్లు మూడు మాటలు చెప్పారు. శ్రీకాకుళంలో ఏడాదికోసారి సెలైన్‌లా ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ అన్నారు. విశాఖలో రెండేళ్లపాటు రోజూ పొడుచుకునే టెరిపారటైడ్ పెన్ను అన్నారు, నెలకు ఆరేడు వేలవుతుందట. ఇక్కడ మాకు తెలిసిన డాక్టరు ఆరు నెలలకోసారి డెనోసుమాబ్ చాలన్నారు. బెంగళూరులో ఉన్న అన్నయ్య డబ్బు తాను పంపుతానని, అన్నిటికన్నా ఖరీదైనది వేయించమని అంటాడు. పూసల్లో సిమెంటు పోయిస్తే సరిపోదా అని కూడా అడుగుతాడు. తమ్ముడు నోరు విప్పడు. మరదలు రోజూ సూది వేస్తుందన్న నమ్మకం నాకు లేదు. ఈ మందులతో దవడ ఎముక కుళ్లిపోతుందని పక్కింటివాళ్లు ఫోనులో చూపించారట. అమ్మకు ఒక దవడపన్ను కదులుతోంది కూడా. అమ్మేమో 'ఇంకెన్నాళ్లమ్మా నాకు, వదిలేయండి' అంటోంది. మొన్న వెళ్లినప్పుడు చూశాను, ఎప్పటిలాగే కట్టుకున్న చీర కుచ్చిళ్లు నేలకు జీరాడుతున్నాయి. ఏ మందు వేయించమంటారు?" ఇదీ ఉత్తరం సారాంశం.

రిపోర్టుల నకళ్లు కూడా జతచేశారు. క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చి మూత్రపిండాలు వడపోసే వ్యర్థం) 1.3, హిమోగ్లోబిన్ 9.1, బరువు 46 కిలోలు. బీపీ బిళ్ల రోజూ వేసుకుంటారు. 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి ఏడాదిగా వారం వారం పాలలో కలుపుకుని తాగుతున్నారట.

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆ కుచ్చిళ్ల వాక్యమే. ముప్పై ఏళ్లకు పైగా జనరల్ ఫిజీషియన్‌గా పనిచేశాను. పెద్ద కవర్లలో ఎక్స్‌రేలు పట్టుకొచ్చినవాళ్లు వందల మంది. అమ్మ పొట్టిదైపోయిందని చీర చూసి కనిపెట్టిన బిడ్డలు చాలా తక్కువ. మీరు చూసింది నిజం. పూస నొక్కుకుపోయిన ప్రతిసారీ మనిషి కొంత కుంగిపోతుంది, చీర మాత్రం పాత కొలతకే ఉంటుంది. ఎముకల సాంద్రతలో టీ స్కోరు మైనస్ 2.5, ఆ కిందకు వస్తే దాన్ని బోలు ఎముకల వ్యాధి అంటారు. దానికి తోడు చిన్న దెబ్బకే ఎముక విరిగి ఉంటే తీవ్రమైనదిగా లెక్క. మీ అమ్మగారికి మణికట్టు ఒకటి, పూసలు రెండు. కాబట్టి మందు అవసరమా అన్న సందేహం నాకు లేదు. ఏ మందు అన్నదే ప్రశ్న. దానికి జవాబు మీరు పంపిన కాగితాల్లోనే, మీరెవరూ పట్టించుకోని ఒక అంకెలో ఉంది.

క్రియాటినిన్ 1.3. ల్యాబువాళ్లు పక్కన చిన్న నక్షత్రం వేసి ఊరుకున్నారు, ఎందుకంటే హద్దు దాటింది కొంచెమే. కానీ ఆ అంకెను ఒంటరిగా చదవకూడదు. 73 ఏళ్లు, 46 కిలోలు, స్త్రీ అన్న మూడు సంగతులు కలిపి లెక్క కడితే మూత్రపిండాల వడపోత నిమిషానికి సుమారు 28 మిల్లీలీటర్లు వస్తుంది. కండ తక్కువ ఉన్న ముసలివారిలో క్రియాటినిన్ ఇలాగే మనల్ని మోసం చేస్తుంది. పైగా మీది సోంపేట ప్రాంతం. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస అంటే ఉద్దానం. అక్కడ కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను ఖాళీ చేసిందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఊళ్ల నుంచి వచ్చిన 73 ఏళ్ల మనిషికి ఎముక మందు రాసేముందు మూత్రపిండాలు చూడాలి. శ్రీకాకుళంలో చెప్పిన ఏడాది ఇంజెక్షన్‌ను వడపోత 35 కన్నా తక్కువ ఉన్నవారికి ఇవ్వకూడదు. ఆ డాక్టరుగారికి మీరు ఈ రిపోర్టు చూపించారా? డెక్సా కాగితం ఒక్కటే చూపించి ఉంటారని నా అనుమానం. ముగ్గురు మూడు మాటలు చెప్పారని మీరు బాధపడుతున్నారు కానీ, ముగ్గురి ముందూ మీరు ఒకే కాగితాలు పెట్టి ఉండకపోవచ్చు.

అయితే ఆ 28 అన్నదే ఖాయం అనుకోకండి. ఆ రక్తపరీక్ష తేదీ చూశాను, అది నొప్పి బిళ్లలు వాడుతున్న రోజుల్లో చేసింది. డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాల పనిని తగ్గిస్తాయి, బీపీ మందులతో కలిస్తే ఇంకా ఎక్కువ. కనుక ఏ ఇంజెక్షన్ గురించీ ఆలోచించకముందే ఆ బిళ్లలు పూర్తిగా మానిపించండి. నొప్పికి పారాసెటమాల్, అది కూడా డాక్టరు చెప్పిన మోతాదులో. రెండు మూడు వారాలు ఆగి క్రియాటినిన్ మళ్లీ చేయించండి. పలాసలో 2023 డిసెంబరులో ప్రారంభమైన కిడ్నీ ఆసుపత్రి మీ అమ్మగారికి దగ్గర, ఆ రిపోర్టు అక్కడ చూపించవచ్చు.

అదే రక్తంతో ఇంకొన్ని చూడమని అడగండి: కాల్షియం, ఫాస్ఫరస్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, పారాథైరాయిడ్ హార్మోను, విటమిన్ డి. మూత్రపిండాలు దెబ్బతింటే ఎముక వేరే దారిలో కూడా పాడవుతుంది. డెక్సాలో రెండూ ఒకేలా కనిపిస్తాయి, మందులు మాత్రం ఒకటి కావు. విటమిన్ డి పొడి సంగతి నాకు నచ్చలేదు. సాధారణంగా దాన్ని ఎనిమిది వారాలో, ఆ చుట్టుపక్కలో వారం వారం ఇచ్చి, తర్వాత నెలకోసారికి తగ్గిస్తారు. ఏడాదిపాటు వారం వారం అంటే ఎవరో మొదలుపెట్టమన్నారు, ఆపమనడం మరిచిపోయారు. పరీక్ష వచ్చేదాకా పక్కన పెట్టండి. ఇది ఎక్కువైతే రక్తంలో కాల్షియం పెరిగి మళ్లీ మూత్రపిండాల మీదే పడుతుంది.

మరొక పరీక్ష పేరు వింటే మీరు కంగారు పడతారేమో, అయినా చెప్పాలి. పూసలు నొక్కుకుపోవడం, రక్తం తగ్గడం, క్రియాటినిన్ పెరగడం, ఈ మూడూ పెద్ద వయసులో ఒకే మనిషిలో కనిపిస్తే మైలోమా అనే ఎముక మూలుగ క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. సీరమ్ ప్రొటీన్ ఎలక్ట్రోఫోరెసిస్ అని రక్తపరీక్ష ఉంది. చాలావరకు ఏమీ ఉండదు, కిడ్నీ తగ్గినా రక్తం తగ్గుతుంది. కానీ ఈ పరీక్ష చేయకుండా రెండేళ్ల పెన్ను మొదలుపెట్టడం నాకైతే ధైర్యం చాలని పని. ఎముకను పెంచే ఆ మందును ఎముకల్లో క్యాన్సర్ ఉన్నవారికి ఇవ్వరు.

ఇప్పుడు మందుల మాట. మళ్లీ చేసిన పరీక్షలో వడపోత 35కు బాగా పైకి వచ్చిందనుకుందాం. అప్పుడు మూడు దారులూ తెరిచే ఉంటాయి. ఏడాది ఇంజెక్షన్‌కు ఉన్న గొప్ప గుణం, ఇంట్లో ఎవరూ దేన్నీ గుర్తుపెట్టుకోనక్కరలేదు. పావుగంటకు తగ్గకుండా నెమ్మదిగా ఎక్కిస్తారు. ముందు రోజు, ఆ రోజు నీళ్లు బాగా తాగించాలి. తర్వాత రెండు మూడు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు, మొదటిసారే ఎక్కువ. మూడేళ్లు ఇచ్చి చూసిన 2007 నాటి పెద్ద అధ్యయనంలో పూసలు విరగడం 70 శాతం, తుంటి విరగడం 41 శాతం తగ్గాయి. ఇదే జాతికి చెందిన వారానికోసారి మింగే అలెండ్రోనేట్ బిళ్లలు చవకైనవే. కానీ పరగడుపున గ్లాసెడు నీళ్లతో మింగి అరగంట నిటారుగా ఉండాలి, పడుకోకూడదు. వీటికీ 35 హద్దే. వంగిపోయిన నడుముతో, గుండెల్లో మంటతో ఉండే మనిషికి నేను వీటిని సులువుగా రాయను.

విశాఖ డాక్టరు చెప్పిన పెన్నును మీరు ఖరీదు చూసి అనుమానిస్తున్నారు. కానీ ఆయన ఆలోచన సరైనది. మిగతా మందులు ఎముక కరిగిపోవడాన్ని ఆపుతాయి, ఇది కొత్త ఎముకను కట్టిస్తుంది. అప్పటికే పూసలు విరిగినవారిలో దీన్ని వారానికోసారి మింగే రిసెడ్రోనేట్ బిళ్లతో పోల్చిన అధ్యయనం 2018లో అచ్చయింది. రెండేళ్లలో బిళ్ల వేసుకున్నవారిలో వందకు 12 మందికి కొత్తగా పూసలు విరిగితే, పెన్ను వాడినవారిలో వందకు 5 మందికి పైచిలుకు విరిగాయి. తేడా చిన్నది కాదు. దవడ భయం కూడా దీనితో లేదు. ఇక ఇబ్బందులు: రోజూ పొడవాలి, ఫ్రిజ్‌లో ఉంచాలి, తెరిచిన పెన్ను 28 రోజులే. మొదట్లో ఇంజెక్షన్ వేయగానే తల తిరగవచ్చు, కాబట్టి మంచం మీద కూర్చోబెట్టి వేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చాక మీ ఊళ్లో ఎన్నాళ్లు కరెంటు లేదో గుర్తుందా? తుపాను కబురు వినగానే పెన్నుకు ఐసు పెట్టె సిద్ధం చేసుకునే ఇల్లు కావాలి. రెండేళ్లు నిండాక అక్కడితో ఆపేస్తే కట్టిన ఎముక కొన్ని నెలల్లోనే కరగడం మొదలవుతుంది. వెంటనే ఎముకను నిలిపి ఉంచే మరో మందు మొదలుపెట్టాలి. అంటే అన్నయ్యగారు రెండేళ్లకు కాదు, ఆ తర్వాతకు కూడా డబ్బు లెక్క వేసుకోవాలి.

వడపోత 30 దగ్గరే నిలిచిపోతే కథ మారుతుంది. ఏడాది ఇంజెక్షన్, వారం బిళ్లలు పక్కకు పోతాయి. పెన్ను విషయంలో దేశాల మధ్యే తేడా ఉంది. మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నవారికి యూరప్‌లో దీన్ని వాడవద్దన్నారు, అమెరికాలో అలాంటి నిషేధం లేదు. పారాథైరాయిడ్ హార్మోను ఎంత ఉందో చూసి, కిడ్నీ డాక్టరు, ఎముకల డాక్టరు మాట్లాడుకుని తేల్చాల్సిన విషయం ఇది. మిగిలేది డెనోసుమాబ్. చర్మం కింద 60 మిల్లీగ్రాముల చిన్న సూది, ఆరు నెలలకోసారి. మూత్రపిండాలు దీన్ని బయటికి పంపనక్కరలేదు కనుక వడపోత తగ్గినా ఇవ్వవచ్చు. మీ విజయనగరం డాక్టరు బహుశా అందుకే దీన్ని చెప్పారు.

ఇక్కడ మాత్రం కొంచెం నెమ్మదిగా చదవండి. మూత్రపిండాలు బాగా తగ్గినవారిలో ఈ సూది వేశాక రక్తంలో కాల్షియం ప్రమాదకరంగా పడిపోవచ్చు. డయాలిసిస్ రోగుల విషయంలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జనవరిలో గట్టి హెచ్చరిక ఇచ్చింది. మీ అమ్మగారు ఆ దశలో లేరు, అయినా ముందు కాల్షియం, విటమిన్ డి సరిగ్గా ఉన్నాయని చూసుకోవాలి, వేసిన రెండు వారాలలోపు కాల్షియం మళ్లీ చూడాలి. పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు, కండరాలు పట్టేయడం కనిపిస్తే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. రెండోది ఇంకా ముఖ్యం. ఈ సూదిని మొదలుపెట్టి మధ్యలో మానేయకూడదు. ఏడు నెలలు దాటితే ఆగి ఉన్న ఎముక నష్టం ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, కొందరిలో ఒకేసారి మూడు నాలుగు పూసలు విరిగిపోతాయి. మానాలంటే ఏడాది ఇంజెక్షన్ లాంటి మందులోకి మారాలి. మీ అమ్మగారి మూత్రపిండాలు దానికే ఒప్పుకోకపోతే? లోపలికి వెళ్లే దారి ఉంటుంది, బయటికి వచ్చే దారి ఉండదు. అలాంటప్పుడు ఇది జీవితాంతం నడిచే ఏర్పాటని తెలిసే మొదలుపెట్టాలి. ఏడాదికి రెండుసార్లు గడియారంలా ఎవరు తీసుకెళ్తారు? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా మొదలుపెడితే, అసలు మొదలుపెట్టకపోవడం కన్నా నష్టం.

అన్నయ్యగారి "అన్నిటికన్నా ఖరీదైనది" అంటే బహుశా రోమోసోజుమాబ్. నెలకోసారి చొప్పున ఏడాది. ఎముకను బాగానే కడుతుంది. గుండెపోటో, పక్షవాతమో వచ్చి ఏడాది తిరగనివారికి ఇవ్వరు. బీపీ ఉన్న మీ అమ్మగారికి గుండె పరీక్ష చేయించి ఆలోచించవలసిన మందు. దీని వెనుక కూడా మరో మందు వాడక తప్పదు. సిమెంటు సంగతి తొందరగా తేల్చేస్తాను. ఉత్తుత్తి చికిత్సతో పోల్చి చూసిన రెండు అధ్యయనాలు 2009లో వచ్చాయి, నొప్పి రెండు వర్గాల్లోనూ ఒకేలా తగ్గింది. పైగా సిమెంటు ఆ ఒక్క పూసకే, మిగతా అస్థిపంజరానికి ఏమీ చేయదు. నెలలు గడిచినా మంచం దిగలేని నొప్పి ఉంటే అడగండి, లేకపోతే వద్దు.

దవడ భయం పూర్తిగా అబద్ధం కాదు. ఏడాది ఇంజెక్షన్, ఆరు నెలల సూది రెండింటితోనూ వస్తుంది, కానీ ఎముకల కోసం వాడే మోతాదులో చాలా అరుదు. క్యాన్సర్ రోగులకు ఇచ్చే పెద్ద మోతాదుల్లో ఎక్కువ. ఫోనులో చూపించేవి ఎక్కువగా అవే. మీ ఇంట్లో చేయవలసింది ఒకటే: ఆ కదిలే పన్నును ముందే తీయించి, పుండు మానాక మందు మొదలుపెట్టడం. తర్వాత ఏళ్ల తరబడి వాడుతున్నప్పుడు తొడలోనో గజ్జల్లోనో కొత్త నొప్పి వస్తే కీళ్లనొప్పి అనుకుని ఊరుకోకుండా చెప్పాలి. తొడ ఎముక అసాధారణంగా విరిగే ముందు అలా నొప్పి వస్తుంది, అది కూడా అరుదే.

ఇక మనుషుల మాట. నాలుగు పేజీల్లో మీ మరదలు గురించి ఒక్క వాక్యం ఉంది, అది కూడా అనుమానమే. ఆమెను అడిగారా? పెన్ను సూది కొన్ని మిల్లీమీటర్లే, ఇన్సులిన్ వేసుకునేవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు, చూపిస్తే పది నిమిషాల్లో వస్తుంది. చూపు బాగుంటే అమ్మే వేసుకోవచ్చు. మరదలు "రోజూ నావల్ల కాదు" అంటే అది కూడా పనికొచ్చే జవాబే, దాన్ని బట్టి మందు మారుతుంది. కానీ ఆమె ఇంట్లో జరగవలసిన వైద్యాన్ని బెంగళూరు, విజయనగరం ఫోనులో నిర్ణయించి పంపితే ఎంత మంచి మందైనా మూడో నెలకు ఫ్రిజ్‌లో మిగిలిపోతుంది. సెలవులకు మీరు వెళ్లి పది రోజులుండి, ఆమెను పుట్టింటికి పంపించండి. ఇది వైద్య సలహా కాదనుకుంటే మీ ఇష్టం.

అమ్మగారి "వదిలేయండి" కూడా ఇంకోసారి అడగవలసిన మాటే. డబ్బు ఖర్చు వద్దనా, కోడలికి భారం వద్దనా, ఆ గతుకుల్లో ఆటో ఎక్కి విశాఖ వెళ్లలేననా, నిజంగానే వైద్యం వద్దనా? నాలుగూ వేర్వేరు. నిజంగానే వద్దంటే ఏమవుతుందో దాచకుండా చెప్పండి. రాబోయేది చావు అని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. దానికన్నా ముందు రాగలిగింది తుంటి విరగడం, ఆపరేషను, మంచం. తుంటి విరిగిన వృద్ధుల్లో దాదాపు ఐదో వంతు ఏడాదిలో పోతున్నారని చాలా దేశాల లెక్కలు. బతికినవారిలో చాలామంది మునుపటిలా నడవలేరు. ఇది విన్నాక కూడా ఆమె వద్దంటే ఆ మాటకు విలువ ఇవ్వండి. నొప్పి తగ్గించడం, పడకుండా చూడడం అప్పటికీ మీ చేతుల్లో ఉంటాయి.

ఆ రెండోది ఏ మందు వాడినా చేయవలసిందే, ఈ వారమే మొదలుపెట్టవచ్చు. బిందె ముట్టుకోనివ్వకండి. నడుము వంచి ఊడ్చే పొట్టి చీపురు తీసేసి పొడుగు కర్ర చీపురు కొనండి, కత్తిపీట ముందు కూర్చోవడం మాన్పించండి. ముందుకు వంగి బరువు ఎత్తడమే పూసకు శత్రువు. మరుగుదొడ్డి పెరట్లో ఉందని రాశారు. రాత్రి లేచినప్పుడు గడప, చీకటి, తడి నేల మూడూ దాటాలి. మంచం పక్కన కమోడ్ కుర్చీ, దారిలో ఒక లైటు, అరిగిపోయిన హవాయి చెప్పులకు బదులు వెనుక పట్టీ ఉన్నవి. నిద్రమాత్ర వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. విశాఖకు బస్సులో వెనుక సీటు కన్నా రైలు మేలు. కిడ్నీ అని వినగానే ఎవరో పాలు, గుడ్లు, చేపలు అన్నీ మాన్పించమనవచ్చు, 46 కిలోల మనిషికి అది ప్రమాదం. ఎంతవరకు తినవచ్చో కిడ్నీ డాక్టరును అంకెల్లో అడగండి. చోడి (రాగి) అంబలి వంద గ్రాముల పిండితో చేస్తే మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఇస్తుంది. ఆ లెక్క చెప్పి, ఇంకా బిళ్ల కావాలా అని కూడా అడగండి.

మీరు ఈసారి ఊరు వెళ్లినప్పుడు అమ్మను చెప్పులు లేకుండా, మడమలు ఆనించి ద్వారబంధం దగ్గర నిలబెట్టండి. తల మీద పుస్తకం సమంగా పెట్టి, పెన్సిలుతో గీత గీసి పక్కన తేదీ రాయండి. మూడు నెలలకోసారి మరదలిని గీయమనండి. రెండు సెంటీమీటర్లు కిందకు దిగితే, నొప్పి ఉన్నా లేకపోయినా వెన్నుకు మళ్లీ ఎక్స్‌రే తీయించాలి.